తప్పు రాని బాకా

మా ఒహాయో ఊళ్ళో సైన్యంలో చేసినవాళ్ళెవరు పోయినా, సమాధి దగ్గర సైనిక వీడ్కోలుగా ఊదే చివరి బాకా మా హైస్కూలు బ్యాండు పిల్లలే ఊదేవారు. పై స్వరం దగ్గర పిల్లలకు ఊపిరి చాలక ఆ బాకా గొంతు పగిలినట్టు పలికేది. అక్కడికొచ్చేసరికి అందరం ఊపిరి బిగబట్టేవాళ్ళం.

పోయినేడు బడి ఖర్చులకని ఇంటిపన్ను పెంచడానికి ఓటింగు పెట్టారు. మా ఆయన వెండెల్ వాకిట్లో ‘వద్దు’ అని బోర్డు పాతాడు.

"పిల్లల నోట్లో మట్టి కొట్టకు," అన్నాను.

"నా పింఛను పెరిగిందా, పన్ను పెరగడానికి? బాకాలు కూడు పెడతాయా?" అన్నాడు.

పింఛను మాట నిజమే. ఓటింగులో పన్ను ఓడిపోయింది. డబ్బు చాలక బడివాళ్ళు ముందు బ్యాండునే ఎత్తేశారు.

ఈ ఏడు ఏప్రిల్లో వెండెల్ పోయాడు. వియత్నాంలో పోరాడి వచ్చిన మనిషి. సమాధి దగ్గర సైన్యం పంపిన యూనిఫాం అతను ఒకడు బాకా లోపలున్న మీట నొక్కి, దాన్ని పెదవులకు ఆనించాడు. రికార్డు చేసిన పాట మోగింది. అతని బుగ్గలు కదల్లేదు. పై స్వరం దగ్గర నేను అలవాటుగా ఊపిరి బిగబట్టాను. అది నున్నగా దాటిపోయింది.

"ఒక్క తప్పు కూడా రాలేదు వదినా," అంది మా ఆడపడుచు లోరెయిన్, కళ్ళు తుడుచుకుంటూ.

"తప్పు రావాలంటే ఊదేవాళ్ళుండాలి కదమ్మా," అన్నాను.