మారుమనువు

తొంభై ఎనిమిదిలో సుందరమ్మ సూరారంలోని మందుబిళ్లల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. భర్త లారీ ప్రమాదంలో పోయినప్పటి నుంచి అత్త వజ్రమ్మతోనే ఉంటోంది. శామీర్‌పేట దారిలో ఆటో నడిపే సత్యానందం తనను చేసుకుంటానంటే, బాగా ఆలోచించి సరేనంది. అత్తకు చెబితే "నీ ఇష్టం" అని ఊరుకుంది.

సంగతి చర్చిలో పాకింది. "సుందరమ్మ మారుమనువుకు పోతాందట" అని ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చెప్పుకున్నారు.

పాస్టర్ ఎడ్వర్డ్‌ది గుంటూరు వైపు. మెత్తని మనిషి. సుందరమ్మను పిలిపించి, "అందరి ముందూ ఎందుకమ్మా? మా ఇంట్లోనే ప్రార్థన చేసి కానిచ్చేద్దాం. ఆ మాట నీ చెవిన పడదు" అన్నాడు.

"ఏ మాట అయ్యగారూ?"

ఆయన నసిగాడు. "అదే... మారుమనువని."

"సిన్నప్పటిసంది ఇంటున్న. తిట్టు లెక్కనే అంటరు. అసలు మనువంటే ఏంది?"

పాస్టర్ కాకముందు ఆయన తెలుగు మాస్టారు. ముఖం విప్పారింది. "మనడమంటే బతకడమమ్మా. మనుగడ అంటాం చూడు, అదీ ఇదీ ఒకే వేరు నుంచి వచ్చినవి. కలిసి బతుకుతారు కాబట్టి పెళ్లికీ ఆ పేరే వచ్చింది. మాటలో తప్పేం లేదు. దాన్ని భర్త పోయినవాళ్ల మీదికి విసిరేది మనమే."

"అంటే మారుమనువంటే మల్ల బతుకుడా?"

"అంతే."

"గట్లయితే చర్చిలనే కానీయుండ్రి. గా మాటనే సదువుండ్రి."

ఆదివారం చర్చిలో వాళ్ల పెళ్లి ప్రకటన చదువుతూ, ఆ మాట దగ్గర ఎడ్వర్డ్ కొంచెం తడబడ్డాడు. వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. సుందరమ్మ లేచి వెనక్కి తిరిగింది.

"మారుమనువే. మల్ల బతుకవోతున్న. అందరు రాండ్రి, మస్తుగ బువ్వ పెడతం."

నవ్వు ఆగిపోయింది. అభ్యంతరమున్నవారు చెప్పవచ్చని పాస్టర్ అనగానే అందరి కళ్లూ వజ్రమ్మ వైపు తిరిగాయి. కొడుకును పోగొట్టుకున్న తల్లి. ఆమె కూర్చున్న చోటు నుంచి కదల్లేదు.

"నాకేం లేదు. ముంగటిది సదువుండ్రి" అంది.

పెళ్లినాడు చర్చి వాకిట్లో బగారన్నం వడ్డించారు. నవ్వినవాళ్లూ వచ్చి కడుపునిండా తిన్నారు. సాయంత్రం సత్యానందం ఆటో తెచ్చి ఆపాడో లేదో, వజ్రమ్మ బట్టల సంచితో ఎక్కి కూర్చుంది. ఆమెను రమ్మని ఎలా అడగాలా అని పొద్దున్నుంచీ మథనపడుతున్న సుందరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అత్తమ్మా..."

"ఏడుస్తవేందే? జల్దీ ఎక్కు" అంది వజ్రమ్మ, పక్కకు జరుగుతూ.