భూమికి ఇచ్చిన సెలవు

నూనె కాగుతుంటే హాల్లోంచి సుధీంద్ర గొంతు వినబడింది. "నా భార్యని నేనేనాడూ బయట కూర్చోబెట్టలేదు." వచ్చినవాళ్ళు ఆహా అన్నారు. పకోడీ పిండి కలుపుతున్న నాగశ్రీకి కాళ్ళ మధ్య తడి మళ్ళీ జారడం అప్పుడే తెలిసింది. ఇందాకే గుడ్డ మార్చుకుంది.

ఆయన అన్నది నిజమే. కూర్చోబెట్టింది అత్తగారు బుజ్జమ్మ. పెళ్ళై అస్కా నుంచి బరంపురం వచ్చిన కొత్తలో నెలనెలా పెరటి వసారాలో చాప, విడి కంచం, విడి చెంబు. కుక్కకు పోసినట్టు నీళ్ళు ఎత్తు నుంచి పోసేది. పాలవాడి దగ్గర్నుంచి ఎదురింటి ఒడియా మాస్టారి దాకా వీధిలో మగాళ్ళందరికీ నాగశ్రీ తేదీలు తెలిసేవి. ఆ చాప మీద పడి ఏడ్చేది, ఏడుస్తూ ఏడుస్తూ నిద్రపోయేది. ఆ మూడు రోజులూ బుజ్జమ్మ సణుక్కుంటూ వండేది, ఈమె నడుము వాల్చేది. అదొక సుఖమని అప్పట్లో ఆమెకు తోచలేదు.

సుధీంద్ర కాలేజీలో ఫిలాసఫీ చెప్పడం మొదలెట్టాక ఇంట్లోకి వెలుగొచ్చింది. మతం వేరు, నమ్మకం వేరు అన్నాడు. మతం ఎవడో నెత్తికెత్తే బరువు, నమ్మకం మనంతట మనం వెలిగించుకునే దీపం అన్నాడు. తల్లితో పోట్లాడి చాప తీయించి పారేశాడు. బుజ్జమ్మ తక్కువ తిన్నదా! కోడల్ని చాటుకు పిలిచి, "ఏటే, ఆడి మాట కాదన్లేను. నువ్వు మాత్రం ఎప్పుడొచ్చిందో నాకు సెప్పకు. తెలియనంతవరకూ నాకు పాపం లేదు," అంది. అలా కొడుకు నమ్మకమూ దక్కింది, తల్లి మతమూ దక్కింది. నాగశ్రీకి నెల పొడుగునా పొయ్యి దక్కింది.

ఇప్పుడు గర్భసంచిలో గడ్డలు. ఆపరేషన్ అయ్యేదాకా ఆ రోజుల్లో మంచం దిగొద్దంది డాక్టరమ్మ. చెబితే సుధీంద్ర నవ్వాడు. "జబ్బు లేదని నమ్ము, ఒళ్ళు వింటుంది. నీకు నమ్మకం తక్కువ, అదీ నీ జబ్బు." పైగా రజ పండక్కి కాలేజీవాళ్ళని పిలిచానన్నాడు.

రజ అంటే ఒడియావాళ్ళకు భూమి బయట చేరే రోజులు. నాగలి దించరు, గొయ్యి తవ్వరు. ఆడవాళ్ళు కత్తిపీట ముట్టకుండా, కొత్త చీరలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు. హాల్లో, కాలేజీలో పనిచేసే ఒడియా ఆయన పూర్ణచంద్ర బాబు భార్య పారాణి పాదాలు సోఫా మీదికి ముడుచుకుని, నాగశ్రీ చీకటితో లేచి పిండి రుబ్బి, కొబ్బరీ బెల్లం కలిపి సన్నసెగన కాల్చిన పొడొపిఠా తింటోంది. "రజలో మా ఇంట ఆయనే వండుతారు దీదీ. మీరు కూర్చోరేటి?" అని అడిగింది కూడా.

"మా ఆవిడకి వంటంటే ప్రాణం," అన్నాడు సుధీంద్ర, నాగశ్రీ నోరు తెరిచేలోపే. తర్వాత పూర్ణచంద్ర బాబు వైపు తిరిగాడు. "చూశారా, మీవాళ్ళు భూమికి కూడా సెలవిచ్చారు. మతమైతే దాన్ని మైల అనేది. నమ్మకం గనక విశ్రాంతి అంది. తేడా అంతా అక్కడుంది." అందరూ తలలూపారు. "నాగా, ఇంకో వాయి వెయ్యి."

ఇంకో వాయి. కళ్ళు తిరిగి గట్టు పట్టుకుంది. నీకు నమ్మకం తక్కువని భూమిని ఎవరూ అనలేదే! ఈయన తన మీంచి మైల తీసేశాడు, ఆ చేత్తోనే చాపా లాగేశాడు. అత్తగారి మతం తనను కుక్కలా చూసింది, నిజమే. కానీ కుక్క చేత పకోడీలు వేయించలేదు.

పొయ్యి కట్టేసి హాలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మూల కుర్చీలో బుజ్జమ్మ పిఠా నములుతోంది.

"అత్తయ్యగారూ, నేను బయట చేరానండి. నిన్నట్నుంచీ."

బుజ్జమ్మ దవడ ఆగిపోయింది. నోట్లోది మింగలేదు, నలుగురిలో ఉమ్మలేదు. కొంగు అడ్డం పెట్టుకుని పెరటి నూతి వైపు పరుగెత్తింది. ముసలి ప్రాణమని నాగశ్రీకి జాలేమీ కలగలేదు.

నాగశ్రీ వెనక్కి తిరిగింది. సుధీంద్ర ఆమె వెనకాలే వంటింట్లోకి వచ్చాడు. "మనుషుల్లో పరువు తీశావు. ఏటిది? ఈ చాదస్తం నువ్వు నమ్ముతున్నావా?"

"నమ్మకం మీ దగ్గరే ఉండనివ్వండి. నాకు మతం చాలు."

భుజం పట్టుకోబోయాడు.

"ముట్టుకుంటే మీరూ స్నానం చెయ్యాలి. అత్తయ్యగారు చూస్తున్నారు."

నూతి దగ్గర తడిబట్టలతో నిలబడ్డ తల్లిని చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పెరటి వసారాలో గోనెసంచి పరుచుకుని నాగశ్రీ పడుకుంది. అన్నం ఎవరూ పెట్టలేదు. చెంబుతో నీళ్ళూ ఇవ్వలేదు. వంటింట్లో ఏదో గిన్నె కిందపడింది. ఎవరో చెయ్యి కాల్చుకున్నారు, ఆమె పేరెత్తి తిట్టారు.

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.