మేకు కొట్టకూడని గది

తడిగుడ్డతో గోడ తుడుస్తుంటే కింద నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "తుడుచుకో, కడుక్కో, నీ ఇష్టం. గోడకి మాత్రం ఏమీ కొట్టకు తల్లీ. పోయినసారి కొట్టింది చాలు."

స్వీలాన్‌కు ఆరో నెల. పొట్ట గోడకు తగులుతుంటే పక్కకు తిరిగి తుడుస్తోంది. మలేసియాలో, పినాంగ్‌లోని ఆ చైనీయుల ఇంట్లో పుట్టబోయే బిడ్డ కోసం గది సర్దడమంటే ఇదొక్కటే మిగిలింది. ఇంట్లో ఆడది కడుపుతో ఉంటే, గర్భాన్ని కాచే దేవుడు రోజుకో చోట కూర్చుంటాడు. ఇవాళ మంచం దగ్గరైతే రేపు తలుపు దగ్గర. ఆయన ఉన్న చోట మేకు కొట్టినా, బీరువా జరిపినా దెబ్బ బిడ్డకే తగులుతుంది. ఏ రోజు ఎక్కడున్నాడో హాల్లో వేలాడే పంచాంగం చెబుతుంది. ఆయన పొయ్యి దగ్గర కూర్చున్న రోజున మాత్రం పొయ్యి జోలికి పోవద్దని స్వీలాన్‌తో ఎవ్వరూ అనలేదు. ఆ రోజు కూడా బడిలో పాఠాలు చెప్పి వచ్చి అందరికీ వండింది. దేవుడికైనా కోడలి వంట కావాలి కాబోలు.

పోయినసారి అంటే రెండేళ్ళ కిందటి మాట. ఇదే గది. నీలం కాగితంతో చేపలు మడిచి, దారానికి గుచ్చి, కిటికీ పైన వేలాడదీయాలని ముచ్చటపడింది. చిన్న మేకు, రెండు దెబ్బలు. నెల తిరక్కుండా కడుపు పోయింది. ఇది ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికొచ్చాక అత్తగారు మేకు పీకించి, గోడకున్న చిల్లు చూపించి "చూశావా?" అంది. చుట్టాలొస్తే వాళ్ళకీ చూపించింది. మొగుడు టియాంగ్ హిన్ ఉలుకూ పలుకూ లేకుండా పక్కనే నిలబడ్డాడు. స్వీలాన్ పిల్లలకు సైన్సు చెప్పే మనిషి. అయినా ఆ రెండు దెబ్బల చప్పుడు గుర్తొచ్చినప్పుడల్లా చంపింది నేనే, నేనే అనుకుంటూ ఆ చేతిని ఎన్నిసార్లు కొరుక్కుందో ఆమెకే తెలుసు.

తోటి టీచరు ఇచ్చిన ఉయ్యాల మంచం విడి ముక్కలుగా మెట్ల కింద పడుంది. బిగించాలంటే సుత్తి కావాలి.

"బిడ్డ పుట్టాక చూద్దాంలే" అంటాడు టియాంగ్ హిన్.

"అప్పుడు బిగించేదెవరు, బాలింతనైన నేనా?"

"అబ్బ, ఇంట్లో రభస ఎందుకు? కాస్త సర్దుకో."

గోడ తుడవడం పూర్తికాకముందే హలీమ్ వచ్చాడు, అత్తగారి గదిలో ఏసీ శుభ్రం చేయడానికి. అతను వచ్చాక అత్తగారు బజారుకు వెళ్ళింది. స్వీలాన్ టీ తీసుకెళ్తే ఆమె పొట్ట చూసి నవ్వాడు.

"ఈసారి డ్రిల్లింగ్ ఏం లేదక్కా, భయపడకండి. ఇది పెట్టిన రోజున పెద్దమ్మ మమ్మల్ని తెగ తొందరపెట్టేసింది. కోడలు కడుపుతో ఉంది, బడి నుంచి వచ్చేలోగా కానిచ్చేయండి అని! మీ ఆయనైతే ముందు ఈ గోడంతా చీపురుతో ఊడ్చాడు, దేవుణ్ణి పక్కకి జరగమని. మాకు నవ్వాగలేదు."

ఆమె టీ కప్పు కింద పెట్టి ఆ గోడ వైపు చూసింది. దానికి అవతల తన మంచమే. ఆ ఏసీ వచ్చిన వారంలోనే తను మేకు కొట్టింది. గోడ తొలవకుండా ఏసీ గాల్లో వేలాడదని ఇన్నాళ్ళూ తనకెందుకు తట్టలేదు? అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. ఆ లెక్క తన బుర్రలోనూ అంతగా నాటుకుపోయింది.

టియాంగ్ హిన్ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే అడిగింది. "ఆ రోజు చీపురు పట్టింది నువ్వేనటగా?"

అతను ముందు వీధి తలుపు వేశాడు. "మెల్లిగా. అమ్మ వసారాలోనే ఉంది, వింటుంది."

"వింటే?"

"పెద్ద ప్రాణం, స్వీలాన్. తనవల్లే మనవడు పోయాడనుకుంటే గుండె పగిలి చచ్చిపోయేది. అందుకే, నీ మేకు మాట వచ్చినప్పుడు నేనేం మాట్లాడలేదు."

"మరి నా గుండె?"

"నువ్వు గట్టిదానివి కదా, తట్టుకుంటావనుకున్నా."

ఎంత మామూలుగా అన్నాడో! మేకూ చంపలేదు, డ్రిల్లూ చంపలేదు. కానీ ఇతను తల్లే చంపిందని లోపల నమ్మాడు, నమ్మి, ఆ చావును తెచ్చి పెళ్ళాం ఒళ్ళో పెట్టాడు. రెండేళ్ళు పక్కనే పడుకుని ఆమె ఏడుపు విన్నాడు. రేపు ఈ బిడ్డ జ్వరంతో మూలిగినా, నడుస్తూ పడినా, ఈ ఇంట్లో ఎవరి చెయ్యి వెతుకుతారో ఆమెకు తెలిసిపోయింది.

అతని ముందే తైపింగ్‌లో ఉన్న అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, మీ వెనక గది ఖాళీగానే ఉందా? దానికి ఏ రంగు వేస్తే బిడ్డకి బావుంటుందంటావ్?"