చివరి అంకె

...పైగా ఐదు నిమిషాలు బయట కూర్చోమంది. తనని! పద్దెనిమిదేళ్ళుగా ఆ గదిలో ఊపిరి కూడా ఆచితూచి వదిలిన మనిషిని పట్టుకుని, "నువ్వు కాస్త అవతలికి వెళ్ళు, తక్కెడ నిలుస్తుందేమో చూస్తాను" అంటుందా? నిలవదు. నిలిస్తే చెవి కోయించుకుంటాడు. తక్కెడ చెడిందని ఇప్పటికి మూడుసార్లు రాసిచ్చాడు. బాగుచేసేవాళ్ళు మూడుసార్లూ వచ్చి, విప్పి, బిగించి, "బ్రహ్మాండంగా ఉంది సార్" అని టీ తాగి వెళ్ళారు. బ్రహ్మాండంగా ఉంటే తెర మీద చివరి అంకె అలా పరిగెడుతుందేం?

వరండాలోని ఇనప కుర్చీలో కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. గోడగడియారం టిక్కుమన్నప్పుడల్లా ఎవరో వేలితో నుదుటి మీద పొడిచినట్టుంది. ఆ గడియారానికి కూడా ఇవాళే ఇంత నోరు లేవాలా?

అది తూకపురాళ్ళను సరిచూసే ఆఫీసు. నగలు చేసేవాళ్ళూ, మందులు కలిపేవాళ్ళూ వాడే బుల్లి రాళ్ళు అక్కడికి వస్తాయి. వాటిని చేత్తో ముట్టకూడదు. పట్టకారుతో తీసి, గాజుపెట్టెలోని తక్కెడ మీద పెట్టి, అంకెలు నిలిచేదాకా ఆగాలి. ఆ ఆగడమే పని. చీమ తుమ్మినా తెలిసే తక్కెడ అది. అందుకే ఆ గదిలో ఫ్యాను లేదు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఆగడంలో అతన్ని మించినవాడు లేడు గనకే ఆఫీసంతా అతనికి 'తాబేలు' అని పేరు పెట్టింది. ఇప్పుడా తాబేలును, శుక్రవారంలోగా ఈ సంగతి తేలకపోతే, వెనక పెరట్లో లారీలు తూచే కాటా దగ్గరికి మార్చేస్తానన్నాడు ఆఫీసరు. లారీలు! అక్కడ తేడా వస్తే బస్తాల్లో వస్తుంది.

"తక్కెడకేం రోగం లేదయ్యా, రోగం నీకే" అని లోపలున్నావిడ నిన్న అననే అంది. ఆవిడది పక్క బల్ల. అతని కన్నా నాలుగేళ్ళు సీనియరు. రిజిస్టరు ఎప్పుడూ ఆవిడ చంకలోనే ఉంటుంది గనక అందరికీ రిజిస్టరమ్మ, అతనికి మాత్రం అక్క.

రోగం. ఆ మాట తలపుకు రాగానే చొక్కా జేబులోని బిళ్ళల అట్ట గుచ్చుకుంది. తొమ్మిది రోజులుగా అక్కడే ఉంది, ఒక్క బిళ్ళయినా తగ్గకుండా.

డాక్టరమ్మ తాపీగా చెప్పింది. అంత తాపీ మనుషులను చూస్తే ఈమధ్య అతనికి ఒళ్ళు మండుతోంది. "గొంతులో సీతాకోకచిలుక ఆకారంలో ఒక గ్రంథి ఉంటుందండీ. తిన్నది ఒంట్లో ఎంత వేగంగా ఖర్చవ్వాలో అదే చెబుతుంది. దానికి తలలో ఇంకో గ్రంథి అజమాయిషీ. రక్తంలో హార్మోను తగ్గితే పైది కిందదాన్ని అదిలిస్తుంది, ఎక్కువైతే ఊరుకుంటుంది. అప్పుడు కిందదీ నెమ్మదిస్తుంది. మీ విషయంలో పైది ఎప్పుడో నోరు మూసుకుంది. కిందదే మాట వినడం లేదు."

"రోజుకి నాలుగుసార్లు తింటున్నానండీ," అన్నాడతను. "అయినా నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు పోయాయి. పోయినవి ఎక్కడికో అక్కడికి పోవాలి కదా? ఎక్కడికి పోయాయి?"

"చాలావరకు ఊపిరిలో పోయాయి. మండాక మిగిలేది గాలీ, నీళ్ళూ. దాంతోపాటు పుట్టిన వేడి ఇదిగో, మీ చొక్కా తడిపేస్తోంది."

ఆ ఒక్క జవాబు మాత్రం అతనికి నచ్చింది. ఊపిరికి బరువుంటుందని అతనికి వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆవిడ అక్కడితో ఆగిందా? "చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, చిరాకు, కోపం, అన్నీ దాని చలవే. మందు వాడితే ఒకటి రెండు నెలల్లో చల్లబడతారు" అంది.

చల్లబడతారు! బిళ్ళ అక్కడే అడ్డం పడింది, ఇంకా మింగకుండానే.

ఎందుకంటే ఈ నాలుగు నెలల్లోనే అతనికి నోరు వచ్చింది. పన్నెండేళ్ళుగా బావమరిది అందరి ముందూ, "బావ బయల్దేరాడంటే మనం భోంచేసి ఓ కునుకు తీసి లేవచ్చు" అని పకపకా నవ్వడం, ఇతను కూడా ఇకిలించి ఊరుకోవడం. కిందటి నెల మాత్రం చెంచా కింద పెట్టి, "అంత పరిగెత్తి నువ్వు చేరిందెక్కడికిరా? మూడు ఉద్యోగాలు మారావు, అదే సోఫాలో అదే గుంట చేస్తున్నావు" అన్నాడు. తిరిగొస్తుంటే భార్య నడివీధిలో చెయ్యి పట్టుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. "పన్నెండేళ్ళకి నోరొచ్చిందండోయ్ మా ఆయనకి!"

ఆమె అలా నవ్వడం అతను అంతకుముందు చూడలేదు. ఆ నవ్వుని బిళ్ళేసుకుని ఎలా పోగొట్టుకోవడం? అసలు ఆ మాట అన్నది తనా, తన గొంతులోని గ్రంథా? గ్రంథే అయితే తన పౌరుషమంతా బొటనవేలంత మాంసం ముక్క పెట్టిన భిక్ష. తనే అయితే ఈ మందెందుకు? పోనీ, ఇప్పుడీ ఆలోచన మీద వస్తున్న చిరాకు ఎవరిది? ఇది కూడా డాక్టరమ్మనే అడగాలా?

భార్య మాత్రం ఆ రాత్రి తర్వాత మళ్ళీ నవ్వలేదు. "మీరు తినేది మీ ఒంటికి పట్టడం లేదండీ, నా కంటికి పడుతోంది. ఆ బిళ్ళ వేసుకుంటే సొమ్మేం పోయింది?" అని రోజూ ఒకటే పోరు. అతను రోజూ కయ్యిమనడమే.

ఇవాళ పొద్దున ఇంకో సంగతి జరిగింది. దాన్ని తలుచుకోకూడదనే ఇంతసేపూ గడియారం మీదా, డాక్టరమ్మ మీదా పడ్డాడు.

తొమ్మిదేళ్ళ కూతురు జేబురుమాలు నాలుగు మడతలు పెట్టి పళ్ళెం పక్కన పరిచింది. ఒక ముద్ద తినడం, చెంచాని ఆ మడత మీద ఆనించడం. మళ్ళీ తీసుకోవడం, మళ్ళీ ఆనించడం.

"ఏంటే అది?"

"చప్పుడు కాకుండా, నాన్నా." తల ఎత్తలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, రెండు వారాల కిందట చెంచా పళ్ళేనికి తగిలిందని అరిచాడు. ఏమని అరిచాడో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. పిల్ల ఊపిరి బిగబట్టి తింటోంది, అచ్చం తక్కెడ గదిలో ఉన్నట్టు.

తలుపు తెరుచుకుంది. "రా నాయనా, చూసి తరించు" అంది రిజిస్టరమ్మ.

తెర మీద అంకెలన్నీ బెల్లం కొట్టిన రాళ్ళలా నిలబడి ఉన్నాయి. చివరిదీ అంతే. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చివరి అంకె మూడయింది, ఏడయింది, రెండయింది. ఊపిరి బిగబట్టాడు. అయినా ఆగలేదు.

"నేను ముట్టుకోలేదు కూడా!"

"ముట్టుకోనక్కర్లేదయ్యా. కుంపటిలా ఉన్నావు. నీ వేడికే ఆ పెట్టెలో గాలి కదులుతోంది. పైగా నీ మోచెయ్యి చూసుకో."

బల్లకి ఆనించిన మోచెయ్యి సన్నగా, ఆగకుండా వణుకుతోంది. దాన్ని ఇలా పట్టిచ్చినందుకు ఆవిడనో మాట అనాలి. మంచి మాటే, పదునైనది, నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఆవిడ పట్టకారు కింద పెట్టింది. గదిలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే: మడత పెట్టిన గుడ్డ మీద, చప్పుడు కాకుండా.

ఆ మాట ఎటు పోయిందో పోయింది.

జేబులోంచి అట్ట తీసి ఒక బిళ్ళ ఊడదీశాడు. "అక్కా, ఇది తూచు."

"సర్కారు తక్కెడ మీద మందుబిళ్ళా? నీకు మతి కూడా కరుగుతోందా?"

"నేను తూస్తే నిలవదుగా."

ఆవిడ అతని మొహంలోకి ఓ క్షణం చూసి బిళ్ళను పట్టకారుతో అందుకుంది. "అయితే గుమ్మం దాటు."

దాటాడు. గాజుతలుపు మూసిన చప్పుడు వినబడీ వినబడకుండా ఉంది. ఆగాడు.

"నూట మూడు."

"మిల్లీగ్రాములా?"

"కాదు, బస్తాలు."

అట్ట వెనక చూశాడు. అందులో మందు పది మిల్లీగ్రాములేనట, మిగతాదంతా పిండి. తొమ్మిది రోజులు తను పోట్లాడింది ఈ పదితోనా? సరే, బావమరిదిని మళ్ళీ అనాల్సి వస్తే చల్లగానే అనాలి. చల్లగా అనడం చేతనవుతుందో లేదో అప్పుడే తేలుతుంది.

ఆవిడ బిళ్ళ తెచ్చి, అతని అరచెయ్యి వణుకుతూ ఉండగానే అందులో జారవిడిచింది. అతను వరండా చివర కుళాయి దాకా వెళ్ళి, దోసిట నీళ్ళు పట్టి, బిళ్ళ మింగాడు.