నోటికి అడ్డం చెయ్యి

కింది పళ్ళ వరసలో ఎడమ పక్కన క్లిప్పుల తీగ కింద ఇంకా ఏదో ఇరుక్కుని ఉంది. వసిల్కా అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరికి జరిగి, సీసాలు కడిగే కుంచెని బొమ్మల కోసం చేసినట్టున్న బుల్లి బ్రష్షుని పంటికీ తీగకీ మధ్య దూర్చి పైకీ కిందికీ ఆడించింది. రాత్రి తిన్న రొట్టె తునక బయటపడింది. దాన్ని ఊసేసి పెద్ద బ్రష్షు అందుకుంది. చిగురు మీద ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు నెమ్మదిగా తోముకోవాలని పళ్ళ డాక్టరమ్మ నేర్పింది. మొదట్లో ఆ నెమ్మది ఆవిడకి చేతకాలేదు. పెనం తోమినట్టు పళ్ళు తోముకుంటూ అరవై ఏళ్ళు గడిపిన మనిషి.

"ఏమే, లోపల గనులు తవ్వుతున్నావా?" తలుపు అవతల నుంచి మొగుడు మెతొది గొంతు. "బంగారం పడితే నాకు సగం."

నోటినిండా నురగ. మాట రాక మోచేత్తో తలుపుని ఒక్క పోటు పొడిచింది. అవతల ఆయన నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా వసిల్కా బ్రష్షు కదపలేదు.

చివర్న దారం పని. కొస గట్టిగా ఉన్న దారాన్ని సూదిలా తీగ కిందుగా ఎక్కించి, ప్రతి పంటి పక్కనా చిగురు దాకా దించి లాగాలి. అదయ్యాక, పొద్దున్నే మెతొది కాచి మూతపెట్టిన సేజ్ ఆకుల కషాయం గోరువెచ్చగా పుక్కిలించి ఊసింది. తొట్టిలోకి వంగి చూసింది. ఎక్కడా ఎర్రటి జీర లేదు. నిన్నా లేదు, మొన్నా లేదు. ఇవాళ డాక్టరమ్మ దగ్గర కూడా ఇలాగే ఉండాలి దేవుడా అని రొమ్ము మీద శిలువ గీసుకుంది.

ఏటి ఒడ్డున లోమ్ ఊరి రేవులో, పడవ దిగిన వాళ్ళు ఊళ్ళోకి నడిచే దారి పక్కన వసిల్కా బడ్డీ ఉంది. పొద్దుతిరుగుడు గింజలు వేయించి, ఉప్పు పట్టించి, కాగితం పొట్లాల్లో అమ్ముతుంది. అంతకుముందు వాళ్ళమ్మ సినిమా హాలు ముందు బుట్టలో పెట్టుకుని అమ్మేది. ఆ ఊళ్ళో గింజలు కొనేవాడు ముందు "వేగాయా?" అని అడుగుతాడు. దానికి మాటతో జవాబు చెప్పకూడదు. అమ్మే మనిషి ఒక గింజ తీసుకుని ముందు పళ్ళ మధ్య నిలబెట్టి టప్పుమని కొరికి చూపించాలి. ఆ చప్పుడు విని కొంటారు. కొరకని మనిషి సరుకు కొనరు. చిన్నప్పటి నుంచీ అలా కొరికి కొరికి వసిల్కా పై పంటి అంచున సన్నటి గంటు పడింది.

ఆ గంటుకి ఆవిడ ఏనాడూ సిగ్గుపడలేదు. అది పనివాళ్ళ గుర్తు. సిగ్గంతా మిగతా వాటి గురించే. ముందు పళ్ళు రెండూ కాళ్ళు మెలేసుకున్నట్టు ఒకదాని మీద ఒకటి ఎక్కి, పక్కది ముందుకు పొడుచుకొచ్చి ఉండేవి. "నోరు మూసుకుని నవ్వవే, జనం జడుసుకుంటారు" అనేది వాళ్ళమ్మ. తల్లి మాట ఎక్కడ నాటుకుంటుందో చెప్పలేం. అప్పటి నుంచీ నవ్వొస్తే చాలు, నవ్వుకంటే ముందు చెయ్యి లేచేది. పెళ్ళి ఫోటోలో కూడా మెతొది ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి నిలబడితే, పక్కన ఈవిడ పూలగుత్తి ముక్కు దాకా ఎత్తి పట్టుకుని ఉంది.

ఒక్క చీకట్లోనే చెయ్యి లేచేది కాదు. పెళ్ళికి ముందు మెతొది సినిమాకి తీసుకెళ్ళేవాడు. హాల్లో గింజలు తినకూడదని బోర్డు ఉండేది, నేలంతా పొట్టు కరకరలాడుతూ ఉండేది. తెర మీద లావుపాటి పెద్దమనిషి బురదలో పడ్డప్పుడు ఆవిడ పగలబడి నవ్వింది. బయటికొచ్చి ఏటి ఒడ్డున నడుస్తుంటే మెతొది ఆగి, "చీకట్లో నవ్వినట్టు వెలుతురులో నవ్వవేం? విన్నాను గానీ చూళ్ళేదు" అన్నాడు. ఆ రోజులు ఎంత బాగుండేవి! ఏటి మీద పడవల దీపాలు, చేతికి అంటిన ఉప్పు, ఆయన కోటు జేబులో ఆవిడ చెయ్యి. అడిగింది ఒకే ఒక్కటి, అదీ ఆవిడ ఇవ్వలేదు. ఆయనా మళ్ళీ అడగలేదు.

పోయిన ఏడాది కింది పన్ను ఒకటి ఊడింది. పక్క పళ్ళు ఆ సందులోకి ఒరుగుతున్నాయనీ, కొత్త పన్ను కట్టాలంటే ముందు క్లిప్పులు వేసి అన్నిటినీ దారికి తేవాలనీ డాక్టరమ్మ బిసెరా చెప్పింది. పోయేకాలానికి ఈ సోకులేమిటని ఇంకో రోజైతే లేచి వచ్చేసేది. కానీ అదే వారం పెద్దాసుపత్రిలో మెతొది గుండె చూసిన డాక్టరు ఆవిణ్ణి పక్కకి పిలిచి, బస్తాలు ఎత్తనివ్వొద్దు, మెట్లు ఎక్కనివ్వొద్దు, ఎన్నాళ్ళని నేను చెప్పలేను అన్నాడు. వసిల్కా బస్సులో కూచుని లోమ్ వచ్చేదాకా ఆలోచించింది. ఆయన పోయేలోగా చెయ్యి అడ్డం లేకుండా ఒక్కసారి నవ్వి చూపించాలి. ఆవిడకి కావలసింది అంతే. మర్నాడు వెళ్ళి క్లిప్పులు వేయించుకుంది.

వేసిన కొత్తలోనే అంతా చెడగొట్టుకోబోయింది. రేవులో తాళ్ళు కట్టే త్సాంకో అలవాటుగా "వేగాయా అక్కా?" అన్నాడు. అలవాటుగా గింజ పళ్ళ మధ్యకి వెళ్ళిపోయింది. టప్పుమంది గింజ కాదు, క్లిప్పు. పొట్టు ముక్క చిగురులోకి దిగింది. డాక్టరమ్మకి చెప్పడానికి మొహం చెల్లక, ఆ ఊళ్ళో అన్ని రోగాలకీ వాడే మందే వాడింది. రకియా సారాయి పుక్కిలించింది. చిగురు భగ్గుమని మండి, నాలుగు రోజుల్లో ఉబ్బి, ముట్టుకుంటే నెత్తురు.

"పిన్నీ, రకియా మీ ఆయన గ్లాసులో ఉండాలి, మీ చిగుళ్ళ మీద కాదు" అంది బిసెరా. "చిగురు ఇలా ఉంటే పళ్ళు కదపడానికి లేదు. ఇంకోసారి ఇలా వస్తే క్లిప్పులు మొత్తం తీసేస్తాను. కోపంతో కాదు, ఉన్న పళ్ళు కూడా ఊడతాయని."

అప్పటి నుంచీ గింజ కొరకడం మానేసింది. మెతొదివి కట్టుడు పళ్ళు, ఆయన కొరకలేడు. అందుకని ఆయన బడ్డీ వెనక స్టూలు మీద కూచుని, బొటనవేలి గోరుతో గింజ చీల్చి, పప్పు కొనేవాళ్ళ చేతిలో పెట్టడం మొదలెట్టాడు. మొదట్లో జనం మొహాలు చిట్లించారు, తరవాత అలవాటు పడ్డారు. మధ్య మధ్యలో పెళ్ళాం కోసం కూడా ఒలిచి, అంచు విరిగిన నీలం సాసర్లో వేసేవాడు. మెత్తటి పప్పు నెమ్మదిగా నమిలి వెంటనే శుభ్రం చేసుకుంటే పరవాలేదని బిసెరా ఒప్పుకుంది. సాయంత్రం బడ్డీ మూసేముందు వసిల్కా ఆ పప్పులు ఒక్కొక్కటే తినేది.

ఆ రోజు మధ్యాహ్నం బడ్డీ మెతొదికి అప్పగించి పళ్ళ ఆసుపత్రికి వెళ్ళింది. బిసెరా సన్నటి చువ్వతో చిగురంతా మెల్లగా తడుముతుంటే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. నొప్పికి కాదు, భయానికి.

"రక్తం చుక్క లేదు" అంది బిసెరా. "చిగుళ్ళు గులాబీ రంగులో, గట్టిగా ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళ పిల్లలు కూడా ఇంత శ్రద్ధగా తోముకోరు పిన్నీ. వచ్చే జార్జి పండక్కి క్లిప్పులు తీసేద్దాం."

"కాస్త ముందు కుదరదా డాక్టరమ్మా?"

"ఎందుకంత తొందర? పెళ్ళా?"

"ఆ, పెళ్ళే" అంది వసిల్కా. "మా ఆయనతోనే."

తిరిగొచ్చేసరికి త్సాంకో కౌంటరుకి చేరగిలబడి ఉన్నాడు. మెతొది స్టూలు మీద కూచుని గింజలు ఒలుస్తున్నాడు. వసిల్కా ఏప్రన్ కట్టుకుని, పొయ్యి మీది గింజలు జల్లెడలోకి వంచి, రెండు చేతులా పట్టుకుని జల్లించడం మొదలెట్టింది. సంతోషం మొహంలో దాగడం లేదు. "జార్జి పండక్కి తీసేస్తారట" అంది, ఎవరితోనో అన్నట్టు.

"ఏమిటి, పట్టాలా?" త్సాంకో అందుకున్నాడు. "అంత కష్టపడి నోట్లో రైలు పట్టాలు వేయించావు, ఒక్క బండైనా నడపకుండా పీకించేస్తావా అక్కా?"

"నీకెందుకురా?" మెతొది తలెత్తకుండానే అన్నాడు. "నువ్వేమైనా టికెట్టు కొన్నావా? ఉన్న ఒక్క ప్రయాణికుణ్ణీ నేనే. నలభై ఏళ్ళుగా స్టేషన్లో కూచుని ఉన్నాను, గేటు తీస్తేగా!"

వసిల్కాకి నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, సినిమా హాలు నవ్వు. చెయ్యి లేవబోయింది, జల్లెడ ఒరిగింది, కాలే గింజలు పాదాల మీద పడతాయని రెండు చేతులూ బిగించింది. నవ్వు మాత్రం ఆగలేదు. తీగలూ, క్లిప్పులూ, గంటు పడిన పన్నూ అన్నీ ఎండలో మెరిశాయి.

మెతొది ఒలవడం ఆపి చూస్తున్నాడు. త్సాంకో ఎందుకో టోపీ సర్దుకుని రేవు వైపు వెళ్ళిపోయాడు.

"ఇదా నువ్వు ఇన్నేళ్ళూ దాచింది?" అన్నాడు మెతొది.

"ఛీ, ఇప్పుడు చూడకయ్యా. తీగలున్నాయి. పండక్కి చూద్దువుగాని."

"చూసేశాగా. ఇంక దాచడం దండగ."

పోవయ్యా, పని చూసుకో అని కసిరి అటు తిరిగింది. చెవులు వేడెక్కాయి. ఈ వయసులో ఈ సిగ్గేమిటని తనని తానే తిట్టుకుంది గానీ లోపల హాయిగా ఉంది.

తరవాత పడవ వచ్చింది. జనం గుంపుగా దిగారు. పొట్లం తరవాత పొట్లం కడుతూ ఆవిడకి తల తిప్పే తీరిక లేకపోయింది. వెనక గోరు గింజని చీల్చే టిక్కు టిక్కు చప్పుడు వినపడుతూ ఉంది, మధ్యలో ఎవరి చేతిలోనో పప్పు పెట్టడం, ఆయనేదో అనడం, వాళ్ళు నవ్వడం. జనం పలచబడ్డారు. ఏటి మీంచి చల్లగాలి మొదలైంది. వసిల్కా చేతుల ఉప్పు దులుపుకుంటూ, చప్పుడు ఆగి చాలాసేపైందని గమనించింది.

మెతొది గోడకి ఆనుకుని, టోపీ కళ్ళ మీదికి జారి, నిద్రపోతున్నట్టు కూచుని ఉన్నాడు.

"లేవయ్యా, చలిగాలి. ఇంటికి పోయి పడుకుందువుగాని" అంది. భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతికి తెలిసిపోయింది.

త్సాంకో పరిగెత్తుకొచ్చాడు, అంబులెన్సు వచ్చింది, చుట్టుపక్కల బడ్డీల వాళ్ళందరూ మూగారు. వసిల్కా అందరి ముందూ నోరు తెరిచి, తీగలన్నీ కనపడేలా ఏడ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఇంకెవరి కోసం పెట్టుకోవాలి? ఆయన చూశాడు, ఒక్కసారైనా చూశాడు అని మాత్రం ఏడుపు మధ్యలో పదే పదే అంది. పక్క బడ్డీ ఆవిడకి అదేమిటో అర్థం కాక, అవునమ్మా చూశాడు, చూశాడు అని వీపు నిమిరింది.

ఆయన్ని తీసుకెళ్ళే బండి ఎక్కబోతూ, బడ్డీ తలుపు వెయ్యడానికి ఒక్కసారి వెనక్కి వచ్చింది. స్టూలు పక్కన నీలం సాసరు ఉంది. అందులో గుప్పెడు పప్పులు, వాటి పక్కన గోటితో సగం దాకా చీల్చి వదిలేసిన గింజ ఒకటి.