కేరియర్ మీద మెదెర్

చేతులు వదిలేసి సైకిలు తొక్కడం మెదెర్‌కి పద్నాలుగేళ్లప్పుడే వచ్చు. నలభై నాలుగేళ్లొచ్చాక, ముందు చిన్న సీటులో రెండేళ్ల కూతురు బెగాయిమ్‌నీ వెనక కేరియర్ మీద పెళ్లాం జిపార్‌నీ కూర్చోబెట్టుకుని ఆ విద్య మళ్లీ ఎందుకు చూపించాలనిపించిందో అతనికే తెలియదు.

అప్పటిదాకా రోజు బాగానే గడిచింది. ఇస్సిక్‌కుల్ సరస్సు ఒడ్డున బెగాయిమ్ కాళ్లు తడుపుకుంది, గులకరాళ్లు నోట్లో పెట్టుకుని తిట్లు తింది, అమ్మ నూనెలో వేయించి తెచ్చిన బోర్సోకులనే పిండి బిళ్లలు సగం తిని సగం పిట్టలకు విసిరింది. తిరిగి వచ్చేటప్పుడు ఆప్రికాట్ తోటల మధ్య పల్లం వచ్చింది. గాలి మొహానికి కొడుతుంటే పిల్ల "ఇంకా, ఇంకా" అని గంతులేసింది. మెదెర్ రెండు చేతులూ గాల్లోకి లేపాడు.

ముందు చక్రం పంటకాలవలోకి పోయింది. జిపార్ కేరియర్ మీంచి దూకి పిల్ల కోటు పట్టుకుని లాగేసింది. సైకిలు మెదెర్ మీద పడింది. పిల్లకి గీత కూడా పడలేదు. "నాన్న ధబ్" అని చప్పట్లు కొట్టింది.

జిపార్ తిట్టలేదు. తిడితే బాగుండేది. హ్యాండిల్ రెండు మోకాళ్ల మధ్య ఇరికించి సరిచేసింది. అతని చీలమండ అప్పటికే బన్నురొట్టెలా ఉబ్బింది.

"మా అన్నకి ఫోన్ చేస్తా, కారు తెస్తాడు" అంది.

"వద్దు. మీ అన్నకి చెబితే ఊరికంతా చెప్పినట్టే."

"అయితే ఏం చేద్దాం? ఇక్కడే కాపురం పెడదామా?"

ఆమె పిల్లని ముందు కూర్చోబెట్టి సైకిలెక్కింది. "ఎక్కు వెనక" అంది.

ఒకప్పుడు ఇదే మెదెర్, మేక కళేబరం కోసం గుర్రాల మీద కలబడే ఆటలో, నలభై కిలోల మేకను తొడకింద నొక్కి పట్టుకుని మైదానం ఈ చివరనుంచి ఆ చివరకు తీసుకెళ్లినవాడు. ఇప్పుడు పెళ్లాం వెనక ముడుచుకుని కూర్చున్నాడు. అయినా మైలు దూరం పోయేసరికి ఆ సంగతి మరిచిపోయాడు. ఎదురుగాలిని జిపార్ వీపు ఆపుతోంది. బెగాయిమ్ ఆపకుండా గంట కొడుతోంది, ప్రతి గొర్రెకూ సలాం చెబుతోంది. అతనూ వెనకనుంచి సలాం చెప్పాడు. జిపార్ భుజాలు కదిలాయి. నవ్విందన్నమాట.

ఊరి మొదట పోప్లార్ చెట్లు కనపడ్డాయి. వాటి అవతల కొట్టు, కొట్టు ముందు బెంచీ, బెంచీ మీద మగాళ్లు.

"ఆపు" అన్నాడు.

"ఎందుకూ?"

"దిగుతా. మీరిద్దరూ పోండి. జనం లేచి వెళ్లాక మెల్లగా వస్తా."

"ఆ కాలుతోనా?"

"కాలు నాది కదా."

"కాలు నీదే. ఆ బెంచీ మీదున్న నలుగురూ చూస్తే చూడనీ, వాళ్లు మనకేమవుతారు?" అంది జిపార్. దింపేసి వెళ్లిపోయింది.

అతను చెట్టు చాటున ఒంటికాలి మీద నిలబడ్డాడు. కొట్టు దగ్గర మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఒకప్పుడు అతని జట్టులోనే ఆడిన తుర్గున్ గొంతు అందరికంటే ముందు లేచింది.

"ఏం వదినా, మావాణ్ణి చేపలకి వేసి వచ్చావా?"

"సరస్సు దగ్గర ఎవరో గుర్రం అమ్ముతున్నారంట. చూసొస్తానన్నాడు. పొద్దు వాలేలోపు వచ్చేస్తాడు" అంది జిపార్.

ఎక్కడా తడబడలేదు. మెదెర్‌కి అదే గుచ్చుకుంది. ముందుగా అనుకున్న మాట కాదది, అడగ్గానే వచ్చింది. కిందటి చలికాలం అతను తాగి పడుకున్న మూడు రోజులూ ఊరికి జ్వరమని చెప్పింది కూడా ఇలాగే అయ్యుంటుంది. మందను కాయాల్సిన వంతు తప్పినప్పుడు నడుం నొప్పి అని చెప్పిందీ ఇలాగే. ఊళ్లో తనకింకా కాస్త పరువుందని ఇన్నాళ్లూ అనుకుంటున్నాడు. ఆ పరువు కోసం ఆమె ఎన్నిసార్లు అబద్ధాలతో నోరు పాడుచేసుకుందో లెక్క లేదు.

అప్పుడు బెగాయిమ్ సీటులో వెనక్కి తిరిగింది. వేలు చాపి "నాన్న అక్కడ" అంది. ఇంకా నమ్మరేమోనని "నాన్న ధబ్" అని కూడా చెప్పింది.

తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. మెదెర్ చెట్టును పట్టుకుని కొంగలా నిలబడి ఉన్నాడు.

బెంచీ మీద అందరికంటే పెద్దవాడు బైమత్ తాత. ఆయన మెదెర్‌ని ఒకసారి చూశాడు. జిపార్ వైపు తిరిగి నింపాదిగా అడిగాడు: "గుర్రం ఏం రంగన్నావు కోడలా?"

పగలబడి నవ్వారు. జిపార్ మెడ మీద ఎరుపు చెవులదాకా పాకడం ఇక్కణ్ణుంచే కనిపించింది. ఆమె తల దించేసుకుంది.

తనమీద పడాల్సిన నవ్వది. మెదెర్ చెట్టు వదిలేసి కుంటుకుంటూ నడిచాడు. ఇరవై అడుగులు నడవడానికి చాలాసేపు పట్టింది. నవ్వు దానంతట అదే ఆగింది.

"ఆ మాట నేనే చెప్పమన్నా తాతా" అన్నాడు. "చేతులు వదిలి తొక్కాను. కాలవలో పడేశాను."

"పిల్ల సీటులో ఉండగానా?"

"ఉండగానే."

"నువ్వే పట్టుకున్నావా పిల్లని?"

"లేదు. జిపార్ పట్టుకుంది."

బైమత్ తాత టోపీ సర్దుకుని అతని కాలు చూశాడు. "ఎక్కు మరి. నిలబడే కొద్దీ ఇంకా వాస్తుంది."

అందరూ చూస్తుండగా మెదెర్ కేరియర్ ఎక్కాడు. ఈసారి తుర్గున్‌కి కూడా ఎగతాళి దొరికినట్టు లేదు. లేచి వచ్చి వెనకనుంచి సైకిలు తోశాడు. బెగాయిమ్ వాళ్లందరికీ సలాం చెప్పింది.

మలుపు తిరిగాక జిపార్ అడిగింది: "నువ్వెప్పుడు చెప్పమన్నావు నాకు?"

"ఏదో ఒకటి అనాలిగా."

కొంతదూరం తొక్కాక మళ్లీ అంది: "తాత అడిగినందుకు కాదు నాకు సిగ్గేసింది. ఎంత తొందరగా వచ్చిందో చూశావా నా నోటికి. అందుకు."

అతను ఆమె నడుం మీంచి చేతులు తీసి కేరియర్ కమ్మీ పట్టుకున్నాడు.

ఇంటి ముందు ఆగితే బెగాయిమ్ దిగనంది. సీటును గట్టిగా పట్టుకుని "ఇంకా" అంది. జిపార్ ఒక కాలు నేలకి ఆనించి, అతను దిగుతాడేమోనని చూసింది. మెదెర్ దిగలేదు.

"ఇంకొక్క చుట్టు తిప్పు దాన్ని" అన్నాడు. "కొట్టు ముందునుంచే పోదాం."

అతని చెవులింకా మండుతూనే ఉన్నాయి.