డీట్రిక్‌ల నేలమాళిగ తలుపు

దేవుడు అన్నీ చూస్తాడు కదా, మరి మనిషికి తలుపు మూసుకునే హక్కు ఎందుకు, తప్పు చెయ్యనివాడికి గొళ్లెంతో పనేమిటి అన్న అనుమానం తబితా పస్మోర్‌కి పెళ్లయిన నాటి నుంచీ ఉంది, ప్రార్థన సభలో అందరూ మౌనంగా ఉన్నప్పుడు వచ్చి పక్కన కూర్చునేది, ఇవాళ ఫిలడెల్ఫియా కోర్టులో సాక్షి కుర్చీ దాకా వెంట వచ్చింది, ఎంత ఎత్తు కుర్చీ ఇది, డెబ్బై ఏళ్ల కాళ్లు నేలకి అందడం లేదు, గుమస్తా బైబిలు పట్టుకుని చెయ్యి పెట్టండమ్మా అంటున్నాడు, పెట్టను నాయనా, మా క్వేకరు మతం వాళ్లు ఒట్టు వెయ్యరు, ఒట్టేసిన రోజుకో నిజం, వెయ్యని రోజుకో నిజం మాకు ఉండవు, ఉన్నదున్నట్టు చెబుతానని మాటిస్తాను, జడ్జి తలూపాడు, ఊపక ఏం చేస్తాడు, ఒట్టు గానీ మాట గానీ అని రాజ్యాంగంలోనే ఉంది, ఆ ఒక్క ముక్క లేకే కదా తన పూర్వులు ఇంగ్లండు జైళ్లలో చలికి వణికారు.

ప్రభుత్వ లాయరు నవ్వుతూ లేచాడు, అమ్మగారూ, సారా కొట్లు మూయించమని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది మీరే కదా, నేనే, మద్యనిషేధం రాగానే ఆనందంతో ఏడ్చింది మీరే కదా, నేనే, మరి ఎమిల్ డీట్రిక్ నేలమాళిగలో పన్నెండు పీపాల ఆపిల్ సారా దొరికితే అతని తరఫున వచ్చారేం, ఒక పీపా మీకిస్తానన్నాడా, అందరూ గొల్లున నవ్వారు, నవ్వనీ, పొరుగువాడు ఎమిల్ మాత్రం తల ఎత్తలేదు, నా సాక్ష్యం లేకపోతే అతనికి ఆరు నెలల జైలు, నా తమ్ముడు థామస్ ఆ పాడు సారా తాగే మంచులో పడి చచ్చిపోయాడు, నాకేం గుర్తులేదు అంటే సరిపోతుంది, కానీ గుర్తుంది, ఆ రోజు కంచె ఇవతల బఠాణీలు ఒలుస్తున్నాను, ఎమిల్ భార్య లీనా తలుపుకి అడ్డం నిలబడి జడ్జి సంతకం పెట్టిన కాగితం ఏదయ్యా అంది, కాగితం రేపొస్తుందిలే, ముందు వాసనొస్తోంది, తప్పుకో అని సోదాకొచ్చిన అధికారి గొళ్లెం మీద గొడ్డలి వేశాడు, అదే మనిషి ఇందాక బైబిలు మీద చెయ్యి పెట్టి, కాగితం చూపించాకే లోపలికి వెళ్లామని చెప్పి దిగాడు.

కాగితం ఏది అన్న ఆ మాట అంతకుముందే విన్నాను, అయిదేళ్లప్పుడు, మా వంటింటి బల్ల కింద నక్కి, అటక మీద బానిసత్వం తప్పించుకొచ్చిన ఒక తల్లీ బిడ్డా, గుమ్మంలో వాళ్లని పట్టుకుపోవడానికొచ్చిన దక్షిణాది మనుషులు, అప్పుడు పొలానికి అడ్డంపడి ముసలి డీట్రిక్, ఈ ఎమిల్ తాత, పొద్దున్నే సారా కంపు కొడుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, కాగితం ఏది, నాకు చదువు రాదు, మీరే చదవండి, నెమ్మదిగా, నాకు అర్థమయ్యేదాకా, ఈ ఇంటి పేరు ఎక్కడుందందులో, లేదా, అయితే రాయించుకురండి పోండి అన్నాడు, వాళ్లు రాయించుకొచ్చేసరికి అటక ఖాళీ, ఆ మనిషి సీసా వదలడు, మన సభకి రాడు, అయినా ఆ ఇంటికి మనం ఒక తలుపు బాకీ అనేది అమ్మ, చచ్చిపోయేదాకా అంటూనే ఉంది.

అమ్మగారూ, అడిగింది వినబడిందా, వినబడింది నాయనా, అతను చేసింది తప్పే, ఆ సారా మీద నాకు జాలి లేదు, కానీ ఆ అధికారుల చేతిలో కాగితం లేదు, రేపొస్తుందన్నారు, నా చెవులతో విన్నాను, జడ్జి కలం కింద పెట్టి, అయితే ఆ పీపాలు ఈ కోర్టులో సాక్ష్యంగా చెల్లవన్నాడు, కుర్చీ దిగుతుంటే మనసు నిలకడగా ఉంది, లోపల ఉన్నది పుణ్యాత్ముడా పాపాత్ముడా అని చూసి కాపాడే తలుపు ఎవరినీ కాపాడదు, చేయి అందించబోయిన ఎమిల్‌తో, మీ తాతకి మేం పడ్డ బాకీ తీరిపోయిందిరా, రేపు పొద్దున్న నిన్ను తిట్టడానికి వస్తాను అంది, తలుపు తట్టే వస్తాలే.